వంతెన అవతలి కావోర్

సిర్వార్ద్ గడియ తీయలేదు.

పొద్దున్నుంచీ ఆ గది తలుపు మూసే ఉంది. లోపల ఆ పిల్ల, ఒళ్ళో పసివాడు. బయట మామగారు మిసాక్. శరణార్థులు కట్టుకున్న బుర్జ్ హమ్మూద్ పేటలో, వంతెనకి ఇటువైపు వీధులన్నిటికీ పార్టీ కమిటీ పెద్ద. చెప్పుల కార్ఖానాలో గొంతెత్తితే పనివాళ్ళ సుత్తులు ఆగిపోయే మనిషి. సొంత ఇంట్లో కోడలి చేత ఒక తలుపు తీయించలేక నిలబడ్డాడు.

"ఆదివారం బాప్తిస్మం. కావోర్‌గా బారోన్ జిరాయర్ నిలబడతాడు. పార్టీ అధ్యక్షుడంతటివాడు మనవాడికి జ్ఞానతండ్రిగా ఉంటానంటే కాదనే ఇల్లు ఈ పేటలో ఉందా?"

"ఉంది మామయ్యా, ఇదే ఆ ఇల్లు" అంది లోపలినుంచి సిర్వార్ద్.

వంటింట్లో శనగలు కడుగుతున్న ఒసన్నాకి నవ్వొచ్చింది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆ మనిషికి ఇంత ముక్కుసూటి జవాబు తను ఒక్కసారీ చెప్పలేకపోయింది. కొడుకు ఒనిగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు, నాన్న గొంతు వినపడగానే బస్సు తోలుకుంటూ కొండదారి పట్టేశాడు. ఉన్న కాస్త పౌరుషం ఈ ఇంటికి కోడలితోనే వచ్చింది.

"మా పెళ్ళిలో మా తలలమీద సిలువ పట్టింది టొరోస్ కావోర్. బిడ్డనీ ఆయనే ఎత్తుకోవాలి. ఆయన వదిలితే తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు. మీరు చెప్పిన ఆచారమే కదా మామయ్యా."

"టొరోస్ వంతెన అవతలివాడు, అవతలి పార్టీ వీధివాడు!"

"అవతలికి ఇప్పుడు పోయారా ఆయన? ఎప్పుడూ అక్కడే కదా ఉన్నారు. మధ్యలో పీపాలు అడ్డం పెట్టింది మీరు."

మిసాక్ చెయ్యెత్తి తలుపు మీద గట్టిగా కొట్టాడు. లోపల పసివాడు ఉలిక్కిపడి ఏడ్చాడు. ఆ ఏడుపు వినగానే మిసాక్ చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

"వాళ్ళ తూటా తగిలే నా తమ్ముడు కుంటివాడయ్యాడు" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. "ఆ వీధి మనిషి చేతుల్లో నా మనవణ్ణి పెట్టమంటావా?"

కిటికీ దగ్గర పీటమీద కూర్చుని తోలు కోస్తున్న తమ్ముడు మిహ్రాన్ తల ఎత్తలేదు. చంకకర్ర గోడకి ఆనించి ఉంది. తన కాలు గురించి మాట వచ్చినప్పుడల్లా అతను ఇలాగే పనిలోకి ఇంకా వంగిపోతాడు.

"బాప్తిస్మానికి తల్లి గుడికి రాదు" అంది సిర్వార్ద్. "ఇంట్లో కూర్చోవాలి. కావోర్ బిడ్డని తెచ్చి నా చేతిలో పెడతాడు. నేను మోకాళ్ళమీద కూర్చుని ఆయన చేతిని ముద్దుపెట్టుకుని తీసుకోవాలి. అంతేనా? బారోన్ జిరాయర్ చెయ్యి నేనెరగను మామయ్యా. ఎరగని చేతిని ముద్దుపెట్టుకోను."

 ఇది ఏ కమిటీ మాత్రం తీర్చగలదు?

ఒసన్నా చేతులు తుడుచుకుని ఇవతలికి వచ్చింది.

"నేను వెళ్తాను."

"ఎక్కడికి?"

"టొరోస్ కావోర్ దగ్గరికి. వదిలిపెట్టమని అడుగుతాను. ఆయన సరే అంటే మీ అధ్యక్షుణ్ణే నిలబెట్టుకోండి. అడక్కుండా మాత్రం ఆయన్ని దాటి ఇంకొకరిని పిలిచి, ఆ పాపం పసివాడి నెత్తిన పెట్టను."

"మన ఇంటినుంచి అటు ఎవరూ వెళ్ళరు."

"అయితే మీరు చూడలేదనుకోండి."

మిసాక్ టోపీ తీసుకుని మెట్లు దిగి కార్ఖానాకి పోయాడు. వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఈ మొగవాళ్ళు ఒప్పుకోవడం ఎప్పుడూ వీపు చూపించే ఒప్పుకుంటారు.

అప్పుడు గడియ తీసిన చప్పుడైంది. సిర్వార్ద్ పసివాణ్ణి ఉన్నిశాలువాలో చుట్టి అత్తగారి చేతుల్లో పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వీణ్ణి చూపించి అడగండి అత్తయ్యా. చూశాక కూడా వదిలేస్తానంటే అప్పుడు సరే."

* * *

వంతెనకి ఇటువైపు నూనెపీపాలు. వాటి వెనక కుర్చీలు వేసుకుని ఇద్దరు యువకులు పాచికలాట ఆడుతున్నారు. యాభై ఎనిమిది వేసవిలో రెండు పార్టీలూ కాల్చుకున్నప్పుడు ఇక్కడ తుపాకులతో నిలబడ్డవాళ్ళే. కాల్పులు ఆగి చలికాలం కూడా వెళ్ళిపోతోంది గానీ పీపాలు తీసే ధైర్యం ఎవరికీ రాలేదు.

"పెద్దమ్మా, అటు దారి లేదు" అన్నాడు ఒకడు లేచి. "మిసాక్‌గారికి తెలిస్తే మా తోలుతో చెప్పులు కుడతాడు."

"నీ తోలు మందం నాయనా. సూది దిగదులే."

రెండోవాడు పడీపడీ నవ్వాడు. మొదటివాడు మొహం మాడ్చుకుని, "చేతుల్లో ఏంటది?" అన్నాడు.

"నా మనవడు. చూడు, ఇంకా పేరైనా పెట్టలేదు. ఏ పార్టీవాడో అడుగు, చెప్తే ఆపేద్దువు గాని."

వాడు శాలువాలోకి తొంగి చూశాడు. పసివాడు వాడి మొహంలోకి ఆవులించాడు.

"పోనీలే పెద్దమ్మా, తొందరగా వచ్చెయ్."

అవతలివైపు పీపాల దగ్గరా అలాంటి వాళ్ళే ఇద్దరు. అదే పాచికలాట, అవే తిట్లు, అదే భాష. అక్కడ ఆపినవాణ్ణి ఒసన్నా గుర్తుపట్టింది. చిన్నప్పుడు మశూచి వస్తే తనూ వాళ్ళమ్మా వంతులవారీగా ఒళ్ళో పెట్టుకున్న పిల్లాడు.

"నువ్వా? తుపాకీ మొయ్యడం వచ్చింది గాని ముక్కు తుడుచుకోవడం ఇంకా రాలేదట్రా?"

వాడు చొక్కాచేత్తో ముక్కు తుడుచుకుని పక్కకి జరిగాడు.

ఒసన్నా నడుస్తూ పోయింది. మనసులో మాత్రం భయంగానే ఉంది. చిన్నప్పుడు మమ్మల్ని సొంత ఊళ్ళనుంచి ఎడారిలోకి తోలుకుపోయినప్పుడు మీరు ఏ పార్టీ అని ఎవరైనా అడిగారా? అందరినీ ఒక్కటిగానే తోలారు. ఒక్కటిగా ఉండమని ఎవరూ తోలనప్పుడు మాత్రం మన చేతకాలేదు. ఎన్ని పార్టీలు, ఎంతమంది నాయకులు, ఒక్కొక్కరికి ఒక్కొక్క పత్రిక, ఒక్కొక్క క్లబ్బు! చివరికి గుడి విషయంలోనూ తగువే. ప్రార్థన అదే, ఫలానా గుడిలో చేస్తే ఫలానా పార్టీ అని ముద్ర.

టొరోస్ రొట్టెల కొట్టు మూలమీదే ఉంది. పొయ్యి ముందు పొడుగాటి కర్రపారతో మాంసపు రొట్టెలు తీస్తున్నాడు. జుట్టంతా నెరిసింది, కనుబొమలైతే పిండి పడి ఇంకా తెల్లగా ఉన్నాయి. ఒసన్నాని చూసి పార అక్కడే వదిలేశాడు.

"ఎవరు, నువ్వా చెల్లీ? ఆ చేతిలో ఉన్నది... ఒనిగ్ కొడుకేనా?"

చేతులు ఏప్రానుకి తుడుచుకుని పసివాణ్ణి తీసుకున్నాడు. వాడి నుదుటిమీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకున్నాడు.  ఈ చేతుల్లోనే ఒనిగ్ కూడా ఇలాగే ఉండేవాడు.

లోపలినుంచి టొరోస్ భార్య యెరానిక్ వచ్చింది. కాఫీ పెడతాననలేదు. చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"దారి తప్పి వచ్చావా ఒసన్నా?"

"లేదు వదినా. అడగడానికి వచ్చాను." ఒసన్నా తల దించుకుంది. "ఆదివారం బాప్తిస్మం పెట్టుకున్నారు. ఆయన... బారోన్ జిరాయర్‌ని నిలబెడదామంటున్నారు. మీరు వదిలితేనే."

పొయ్యిలో రొట్టెలు మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ కదలలేదు.

"వదిలేశాను" అన్నాడు టొరోస్. "ఇంతదూరం వచ్చి అడిగావు, అదే చాలమ్మా. నా దీవెన వీడికి ఉంది. ఎవరెత్తుకున్నా వీడు చల్లగా ఉండాలి."

అంత సులువుగా అనేసరికి ఒసన్నాకి కదలబుద్ధి కాలేదు. తిట్టినా బాగుండేది. వచ్చిన పని అయిపోయింది, మరి గుండె ఎందుకింత బరువెక్కింది?

పెళ్ళిరోజు కళ్ళముందు కదిలింది. రేకుల గుడిసెల శిబిరం. తనూ అనాథే, మిసాకూ అనాథే. వధువు తరఫు పెద్ద ఎవరని పాదిరి అడిగితే ఎవరూ లేరు. వరుడి తరఫున ఎవరంటే ఎవరూ లేరు. అప్పుడు పొయ్యిల దగ్గర పనిచేసే ఒక కుర్రాడు, మీసమైనా సరిగా రానివాడు, ముందుకొచ్చి "ఇద్దరికీ నేనే" అన్నాడు. ఆ పూట తమకి ఒక వంశం పుట్టింది. తండ్రి, అన్న, మేనమామ, అన్నీ ఆ ఒక్క మనిషే.

"వదిలేశాడట!" యెరానిక్ ఇక ఆగలేకపోయింది. "ఏం మనిషివయ్యా నువ్వు! వాళ్ళాయన క్లబ్బులో మైకు పట్టుకుని ఏమన్నాడో ఊరంతా వింది. టొరోస్ వీధివాళ్ళు నా తమ్ముణ్ణి కాల్చారన్నాడు. ఆ తమ్ముణ్ణి పిండి బండిలో వేసుకుని ఆస్పత్రికి తోసుకుపోయింది ఎవరు? తలమీదుగా తూటాలు పోతుంటే..."

"యెరానిక్! చాలు."

"చాలదు! ఆ బండి చెక్కలకి పట్టిన నెత్తురు కడగడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ నెత్తురుకి మాకు దక్కిన పేరు హంతకులు!"

ఒసన్నా చప్పున టొరోస్ వైపు తిరిగింది. 

"మిహ్రాన్‌ని తీసుకెళ్ళింది... మీరా?"

"ఎవరో ఒకరు తీసుకెళ్ళాలి కదమ్మా. రోడ్డుమీద పడున్నాడు. నా కళ్ళముందు పెరిగిన పిల్లాడు" అన్నాడు టొరోస్, మాడిన రొట్టెల వైపు చూస్తూ. "చెప్పొద్దని తర్వాత వాడే కబురు పంపాడు."

"వాడా? ఎందుకు?"

"అది వాణ్ణే అడుగు."

ఒసన్నా ఒక్క అడుగు ముందుకు వేసి, ఆ బరువైన చేతిని, పసివాడి వీపుకింద ఉన్న చేతిని, వంగి ముద్దుపెట్టుకుంది. కన్నీళ్ళకి చేతిమీది పిండి తడిసి ముద్దయింది.

"మీరిచ్చిన విడుదల నాకొద్దు కావోర్. తిరిగి ఇచ్చేస్తున్నాను."

"బాగుంది! నిన్నటి రొట్టా తిరిగివ్వడానికి?" టొరోస్ నవ్వాడు. ఆ నవ్వుకి యెరానిక్ కూడా చేతులు దించి, తలగుడ్డ కొసతో మొహం తుడుచుకుంది. తర్వాత ఆయన నవ్వు ఆపి అన్నాడు. "నువ్వు ఇవ్వగలిగింది కాదమ్మా అది. కావోర్ తనంతట తాను నడిచి రాడు. ఇంటి పెద్ద ఇంటికొచ్చి పిలిచి తీసుకెళ్ళాలి. నా బింకం కోసం అనడం లేదు. నేనొక్కణ్ణే వంతెన దాటితే మావాళ్ళు నన్ను ద్రోహి అంటారు, మీవాళ్ళు గూఢచారి అంటారు. మిసాక్ వచ్చి నా చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఇటువాడూ అటువాడూ కూడా నోరు మూసుకుని చూడాల్సిందే. వాడు వస్తాడా?"

ఒసన్నా పసివాణ్ణి తిరిగి తన చేతుల్లోకి తీసుకుంది. యెరానిక్ వేడి రొట్టెలు నాలుగు కాగితంలో చుట్టి తెచ్చి ఆవిడ చంకలో పెట్టింది.

"మిహ్రాన్‌కి ఇవ్వు. మిరపకాయ ఎక్కువేశాను, వాడికిష్టం."

* * *

ఇంటికొచ్చేసరికి మిసాక్ భోజనానికి వచ్చి ఉన్నాడు. సిర్వార్ద్ పసివాణ్ణి అందుకుని, అత్తగారి మొహం చూసి ఏమీ అడగకుండా గదిలోకి తీసుకెళ్ళింది.

"ఏమన్నాడు?" అన్నాడు మిసాక్, కంచంలోంచి తల ఎత్తకుండా.

"వదిలేశాడు."

"మంచిది. గొడవ తీరింది."

"నేను ఒప్పుకోలేదు."

చెంచా ఆగింది.

"మిహ్రాన్" అంది ఒసన్నా మరిది వైపు తిరిగి. రొట్టెల పొట్లం అతని ముందు పెట్టింది. "యెరానిక్ వదిన పంపింది. మిరపకాయ ఎక్కువేసిందట. నిన్ను ఆస్పత్రికి చేర్చింది టొరోస్ కావోర్ అట కదా. నాలుగు నెలలు మంచంమీద నా చేత సేవలు చేయించుకున్నావు, ఒక్కరోజు నోరు విప్పి చెప్పలేకపోయావా నాయనా?"

మిసాక్ తమ్ముడి వైపు చూశాడు. మిహ్రాన్ తోలు కోసే కత్తి కింద పెట్టాడు. పొట్లం విప్పలేదు. దానిమీది నూనె మరకని బొటనవేలితో రుద్దాడు.

"నిజమేనా?" అన్నాడు మిసాక్.

"నిజమే అన్నయ్యా."

"సరే. ఒక మంచివాడు తీసుకెళ్ళాడు. కాల్చింది వాళ్ళే కదా?"

మిహ్రాన్ పొట్లాన్ని పక్కకి జరిపాడు.

"కాల్చింది వాళ్ళే కదరా?"

"నేను వంతెన వైపు తిరిగి నిలబడ్డాను అన్నయ్యా. తూటా వెనకనుంచి తగిలింది." మిహ్రాన్ గొంతు మామూలుగానే ఉంది, నెలల తరబడి లోపల్లోపల చెప్పుకున్న మాట చెప్తున్నట్టు. "వెనక మన మేడ. మేడమీద మనవాళ్ళు. డాక్టరు చూపించాడు, ఎటునుంచి దిగిందో, ఎటు వెళ్ళిందో."



"ఎవడు?" మిసాక్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "ఎవడు వాడు?"

"చేతులు వణికి కాల్చాడు. మర్నాడే ఆస్పత్రికొచ్చి నా మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు. పేరు అడక్కు, చెప్పను."

"నాకెందుకు చెప్పలేదు?"

మిహ్రాన్ మొదటిసారి అన్న కళ్ళలోకి చూశాడు.

"నేను కళ్ళు తెరిచేసరికే నువ్వు మీటింగులో మాట్లాడి వచ్చేశావు. పేపర్లో కూడా వేశారు. నా మంచం చుట్టూ దండలు. జనం నీ చేతులు పట్టుకుని ఏడుస్తున్నారు, నిన్ను పెద్దని చేశారు. అప్పుడు నేనేమనాలి అన్నయ్యా? నా కాలు పోతే పోయింది, నీ తల కూడా దించాలా అనుకున్నాను."

 గదిలో పసివాడు పాలు తాగుతున్న చిన్న చప్పుడు వినపడుతోంది. మిసాక్ పడిపోయిన కుర్చీని ఎత్తి నిలబెట్టాడు, దాంట్లో కూర్చున్నాడు. రెండు చేతులూ మొహానికి కప్పుకున్నాడు. ఒసన్నా ఆయన్ని ఇన్నేళ్ళలో కోపంగా చూసింది, జ్వరంలో చూసింది, తాగి పాడుతుండగా చూసింది. సిగ్గుపడగా ఇప్పుడే చూస్తోంది.

ఆవిడకి తిట్టాలనిపించలేదు. చిత్రం, కోపమే రాలేదు. ఎదురుగా బతికున్న మరిది, అతన్ని బతికించిన కావోర్, కత్తిలాంటి కోడలు, పాలు తాగుతున్న మనవడు. మాకు ఇంత ఇచ్చావు కదా స్వామీ, మేమే దీన్ని పీపాలు అడ్డంపెట్టి సగం సగం చేసుకున్నాం. మనసారా దండం పెట్టుకుంది.

"నేనే పిలవాలన్నాడా?" అన్నాడు మిసాక్ చేతులు తీయకుండానే.

"అవును. ఇంటి పెద్ద రావాలట."

మిసాక్ లేచాడు. కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు, టోపీ పెట్టుకున్నాడు.

"వంతెనకేనా?" ఒసన్నా గొంతులో సంతోషం ఆగలేదు.

"ముందు క్లబ్బుకి."

"క్లబ్బుకెందుకు? జిరాయర్‌ని అడగడానికా?"

"అడగడానికి కాదు. ఆ తూటా వంతెన అవతలినుంచి వచ్చిందని నేను ఏ మైకులో అరిచానో, ఆ మైకులోనే నిజం చెప్పాలి. నోట్లో అబద్ధం పెట్టుకుని కావోర్ గుమ్మం తొక్కనా?" టోపీ కిందికి లాగాడు. "ఆ మనిషి మన ఇద్దరి తరఫునా నిలబడ్డాడు ఒసన్నా. నేను ఆయన వీధినే హంతకుల వీధి అన్నాను."

"వాళ్ళు ఊరుకుంటారా?"

"ఊరుకోరు. ఆ అబద్ధం మీద నేనొక్కణ్ణే కూర్చోలేదుగా. అందరం కూర్చున్నాం."

మెట్లవైపు రెండడుగులు వేశాడో లేదో, వెనక చంకకర్ర టకటకమంది.

"నువ్వెక్కడికి?" అన్నాడు మిసాక్.

"బాగుంది. కాలు నాది, ఉపన్యాసం నీదా? ఇన్నాళ్ళూ నేను లేకుండానే మాట్లాడావు. ఈసారి నేను పక్కన ఉంటాను." మిహ్రాన్ పొట్లంలోంచి ఒక రొట్టె చుట్టి నోట్లో పెట్టుకున్నాడు. "పద. ఆకలిమీద తన్నులు తినలేను."

మిసాక్ తమ్ముడి రెండో చంక కింద చెయ్యి వేసి మెట్లు దింపాడు.

సిర్వార్ద్ గదిలోంచి వచ్చింది. "మామయ్య ఎక్కడికి అత్తయ్యా?"

"నీ కావోర్‌ని పిలవడానికే తల్లీ" అంది ఒసన్నా కళ్ళు తుడుచుకుంటూ. "కాస్త చుట్టుదారి."

అత్తాకోడళ్ళిద్దరూ వసారాలోకి వచ్చి నిలబడ్డారు. సందు చివర అన్నదమ్ములు ఒకరినొకరు పట్టుకుని క్లబ్బు గుమ్మం ఎక్కారు. లోపల రేడియో పాట గట్టిగా మోగుతోంది, ఎవరో నవ్వుతున్నారు.

ఉన్నట్టుండి నవ్వు ఆగింది. రేడియో ఆగింది. "నా తమ్ముడికి తగిలింది మన మేడమీది తూటా" అన్న మిసాక్ గొంతు మైకులో సందంతా వినపడింది. ఆ తర్వాత చాలా కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి జరిగాయి.